ఊపిరి చూశారు కదా? అక్కడి నుంచే మొదలుపెడదాం: ఇంట్లో ఫ్రెంచ్ డ్రామా సినిమాలు

ఈ ఎపిసోడ్ సూర్యాపేటలో నా రూమ్ నుంచే. మధ్యలో లారీ హారన్లు వినపడితే ఏమనుకోకండి, హైవేకి దగ్గర్లో ఉంటున్నా. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే హారన్. హారనే నయం.

పోయిన వారం కోదాడ వెళ్ళాను. నేను బీటెక్ చదివింది అక్కడే. మా కాలేజీ జూనియర్ ఒకడు చాయ్ తాగుతూ అడిగాడు. "అన్నా, నువ్వు ఎప్పుడు చూసినా ఫ్రెంచ్ సినిమా, ఫ్రెంచ్ సినిమా అంటవ్. నేను ఒకటి పెట్టిన. ఇరవై నిమిషాలు ఒకామె కిటికీలోంచి చూస్తనే ఉంది. నేను నిద్రపోయిన. నాకు అర్థంకానిది నీకేం అర్థమైతుంది?"

కరెక్ట్ ప్రశ్న. వాడి తప్పేం లేదు. ఫ్రెంచ్ డ్రామా అనగానే నెట్‌లో ఎవరో పెట్టిన "తప్పక చూడాల్సిన 50 సినిమాలు" లిస్టు తీసుకుంటాం, అందులో మొదటిది పెట్టేస్తాం. ఈత రానోణ్ణి తీసుకెళ్ళి సాగర్ కాలువలో దింపినట్టు ఉంటుంది. అందుకే ఈరోజు లిస్టు ఇవ్వను. ఎక్కడ మొదలుపెట్టాలి, ఫోన్‌లో ఎలా వెతకాలి, ముఖ్యంగా ఎవరి పక్కన కూర్చుని చూడాలి, ఇవి చెప్తా.

మొదలు మీకు తెలిసిన సినిమా నుంచే. ఊపిరి. 2016 మార్చిలో వచ్చింది, వంశీ పైడిపల్లి డైరెక్షన్, నాగార్జున, కార్తి, తమన్నా. నేను కోదాడలో ఫ్రెండ్స్‌తో థియేటర్లో చూశాను, అప్పుడు సెకండ్ ఇయర్. నాగార్జున సినిమా అంతా వీల్ చెయిర్‌లో కూర్చుంటాడంటే ఎవడు చూస్తాడ్రా అనుకుంటూ వెళ్ళాం. బయటికొచ్చేటప్పుడు ఎవ్వడూ మాట్లాడలేదు. టైటిల్స్‌లోనే చెప్పారు, ఇది ఒక ఫ్రెంచ్ సినిమాకి రీమేక్ అని. దొంగతనంగా కాదు, హక్కులు కొనుక్కుని తీశారు. ఆ సినిమా పేరు ది ఇన్‌టచబుల్స్. 2011లో ఫ్రాన్స్‌లో వచ్చింది. ఒలివియే నకాష్, ఎరిక్ తొలెదానో అని ఇద్దరు డైరెక్టర్లు. ఒక్క ఫ్రాన్స్‌లోనే దాదాపు 1 కోటి 90 లక్షల టికెట్లు తెగాయి. ఆ దేశం జనాభా ఆరున్నర కోట్లు అనుకోండి, లెక్క మీరే వేసుకోండి.

ఇది నిజంగా జరిగిన కథ. ఫిలిప్ పొజ్జో ది బోర్గో అనే పెద్దింటి ఆయన 1993లో పారాగ్లైడింగ్ చేస్తూ పడిపోయారు. మెడ కింద మొత్తం చచ్చుబడింది. ఆయన్ని చూసుకోవడానికి వచ్చిన కుర్రాడు అబ్దెల్ సెల్లూ, అల్జీరియాలో పుట్టినవాడు. ఫిలిప్ తన జీవితం మీద పుస్తకం రాశారు. దాని పేరుకి తెలుగులో అర్థం ఏంటో తెలుసా? రెండో ఊపిరి. మనోళ్ళు టైటిల్ ఊరికే పెట్టలేదు. ఫిలిప్ 2023లో చనిపోయారు.

ఇప్పుడు ఒక పని చేయండి. ఊపిరి మళ్ళీ చూడండి, వారంలోపు ఇన్‌టచబుల్స్ చూడండి. కథ తెలుసు కాబట్టి సబ్‌టైటిల్ ఒకటి మిస్సయినా నష్టం లేదు. అప్పుడు మీ కళ్ళు ఇంకో దాని మీదికి పోతాయి: వాళ్ళు ఏం చెప్పకుండా వదిలేశారు?

మన సినిమాలో విక్రమాదిత్యకి పారిస్‌లో ఒక ప్రేమకథ ఉంటుంది, అనుష్క వస్తుంది, మనకి అంతా చూపిస్తారు. ఫ్రెంచ్‌లో ఫిలిప్ తన భార్య గురించి, యాక్సిడెంట్ గురించి డ్రిస్‌కి మాటల్లోనే చెప్తాడు. ఫ్లాష్‌బ్యాక్ లేదు. చెప్తున్న మనిషి ముఖం ఒక్కటే మనకిచ్చేది. మన శీను పెరోల్ మీద బయటికొచ్చినవాడు, మంచోడని అనిపించుకోవాలి కాబట్టి ఈ పనికి వస్తాడు. ఫ్రెంచ్ డ్రిస్‌కి అసలు ఆ ఉద్యోగమే వద్దు. ఇంటర్వ్యూకి వచ్చినట్టు ఒక సంతకం పెట్టించుకుంటే ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి ఆగకుండా వస్తుంది, అంతే. మన శీను ప్రేమించిన అమ్మాయి దగ్గర కథ మనకి నచ్చినట్టు ముగుస్తుంది. డ్రిస్ సినిమా అంతా మగాలీ వెంట పడితే, చివర్లో ఆమెకి ఇంకో అమ్మాయి తోడుగా ఉందని తెలుస్తుంది. డ్రిస్ నవ్వి ఊరుకుంటాడు.

ఏది గొప్ప అని పోటీ పెట్టట్లేదు. నాకు ఊపిరిలో కార్తి అంటే చాలా ఇష్టం, ఇప్పటికీ. కానీ తేడా ఇక్కడుంది. మన సినిమా మన భుజం మీద చెయ్యేసి, "ఇక్కడ ఏడవొచ్చు, ఇక్కడ నవ్వొచ్చు" అని చెప్తుంది. ఫ్రెంచ్ డ్రామా మన పక్క సీట్లో కూర్చుంటుంది గానీ చెయ్యి వెయ్యదు. మనకది అలవాటు లేదు కాబట్టి బోర్ అనుకుంటాం. మా జూనియర్ నిద్రపోయింది అందుకే. ఆ కిటికీ దగ్గర ఆవిడ ఏం ఆలోచిస్తుందో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చెప్తుందని వాడు వెయిట్ చేస్తున్నాడు.

సరే, ఇక ఫోన్ సంగతి.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ థియేటర్లలో ఫ్రెంచ్ సినిమా ఆడగా నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి ఫోనే మన థియేటర్. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో, ముబీ, యూట్యూబ్‌లో రెంటుకి దొరికేవి, మనకున్న దారులు ఇవే. "అన్నా, నువ్వు చెప్పిన సినిమా ఆ యాప్‌లో లేదు" అని చాలామంది అంటుంటారు. నేను చెప్పినప్పుడు ఉండి ఉంటుంది. సినిమా హక్కులు ఒక్కో దేశానికి విడిగా, కొంత కాలానికి అమ్ముతారు. గడువు అయిపోతే యాప్‌లోంచి పోతుంది. కోడింగ్ చేసేవాళ్ళకి చెప్పాలంటే ఎక్స్‌పైరీ ఉన్న టోకెన్ అన్నమాట. అందుకే జస్ట్‌వాచ్ అనే సైట్ ఉంది, దాంట్లో దేశం ఇండియా అని పెట్టి సినిమా పేరు కొట్టండి, ఈరోజు ఎక్కడ దొరుకుతుందో చూపిస్తుంది. ఇంగ్లిష్ పేరుతో దొరక్కపోతే ఫ్రెంచ్ పేరుతో వెతకండి. సగం సార్లు అక్కడే దొరుకుతుంది. రెంటుకి తీసుకుంటే మాత్రం, మొదలుపెట్టాక మామూలుగా 48 గంటల్లో చూసేయాలి. పొద్దున డ్యూటీకి పోయే ముందు నొక్కకండి.

టెలిగ్రామ్ లింకుల గురించి అడగొద్దు. తప్పు అని చెప్పడం ఒకటి, అసలు అవి పనికిరావు అన్నది ఇంకొకటి. సబ్‌టైటిల్ ఎనిమిది సెకన్లు లేటుగా వస్తుంటే డ్రామా సినిమా ఎలా చూస్తారు? ఫైట్ సినిమా అయితే నడుస్తుంది.

డబ్బింగ్ ఆడియో వద్దు. ఒరిజినల్ ఫ్రెంచ్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్. సెట్టింగ్స్‌లోకి పోయి అక్షరాల సైజు పెంచుకోండి, వెనకాల నల్ల పట్టీ పెట్టుకోండి. ఆరంగుళాల స్క్రీన్ మీద తెల్ల గోడ ముందు తెల్ల అక్షరాలు చదవడం కన్నా కష్టం ఇంకోటి లేదు. ఇంకో మాట, ఇంట్లో అందరి మధ్య పెట్టేముందు రేటింగ్ చూసుకోండి. ఇది నేను అనుభవం మీద చెప్తున్నా. మా అమ్మ అన్నం పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చిన టైం, ఆ సీన్ వచ్చిన టైం ఒకటే. వివరాలు వద్దు.

మరి ఫ్రాన్స్‌లో ఇన్ని చిన్న సినిమాలు ఎలా తీస్తున్నారు, డబ్బులెక్కడివి అనే డౌట్ రావచ్చు. అక్కడ 1946 నుంచి సీఎన్‌సీ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. థియేటర్లో అమ్మే ప్రతి టికెట్ మీద 10.72 శాతం పన్ను దానికి పోతుంది. వంద రూపాయల టికెట్ అనుకోండి, పది రూపాయల డెబ్బై రెండు పైసలు. హాలీవుడ్ సూపర్ హీరో సినిమా టికెట్ తెగినా ఆ వాటా రావాల్సిందే. ఆ డబ్బు తిరిగి కొత్త సినిమాలకి వెళ్తుంది. అంటే అక్కడ అవెంజర్స్ చూసినోడు కూడా తెలియకుండానే ఒక చిన్న డ్రామా సినిమాకి చందా ఇచ్చినట్టే. నాకైతే ఈ లెక్క భలే నచ్చింది.

ఇక అసలు చెప్పాలనుకున్న సినిమా. ఇది చెప్పాలంటే నా సంగతి కొంచెం చెప్పాలి.

2023లో నా ఉద్యోగం పోయింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ, పేరు అనవసరం. పొద్దున మీటింగ్ అన్నారు, పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్. ఇంట్లో చెప్పలేదు. మాది మిర్యాలగూడ. నాన్న రైస్ మిల్లులో గుమస్తా, ఇరవై రెండేళ్ళుగా అదే మిల్లు. కొడుకు సాఫ్ట్‌వేర్ అని మిల్లు కాడ హమాలీలకి కూడా తెలుసు. ఎలా చెప్తా? శనివారం ఇంటికి వెళ్ళడం, వర్క్ ఎక్కువుందని ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, ఆదివారం రాత్రి బస్సెక్కడం. ఇలా నాలుగు నెలలు.

ఆ రోజుల్లోనే చూశాను లా లువా ద్యు మార్షే. తెలుగులో చెప్పాలంటే మార్కెట్ చట్టం. ఇంగ్లిష్‌లో ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్ అని ఉంటుంది. 2015 సినిమా, డైరెక్టర్ స్తెఫాన్ బ్రిజే. గంటన్నర. హీరో పేరు థియెరీ, వయసు 51. ఫ్యాక్టరీ ఉద్యోగం పోయి ఇరవై నెలలు. క్రేన్ నడపడం నేర్పిస్తాం అని ప్రభుత్వ ఆఫీసోళ్ళు కోర్సుకి పంపిస్తే, కోర్సు అయ్యాక ఆ సర్టిఫికెట్‌తో ఎవరూ పనిలో పెట్టుకోరని తెలుస్తుంది. సినిమా మొదలయ్యేదే ఆ ఆఫీసులో ఆ గొడవతో. థియెరీగా వేసిన వాన్సాన్ లాండోన్‌కి ఆ సంవత్సరం కాన్‌లో బెస్ట్ యాక్టర్ అవార్డు వచ్చింది. సినిమాలో మిగతావాళ్ళు దాదాపు అందరూ నటులు కాదు, మామూలు మనుషులు.

మొదటిసారి హాస్టల్‌లో ఒక్కణ్ణే చూశాను. సగంలో ఆపేశాను. బోర్ కొట్టి కాదు.

రెండోసారి మిర్యాలగూడలో. రాత్రి కరెంట్ పోయింది, టీవీ లేదు. నాన్న మంచం మీద కూర్చుని, "ఫోన్‌ల ఏమన్న పెట్టురా" అన్నాడు. డౌన్‌లోడ్ చేసుకున్నది అదొక్కటే ఉంది. స్టీల్ డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టాను. నాన్నకి ఇంగ్లిష్ రాదు, ఫ్రెంచ్ సంగతి సరే సరి. కాబట్టి సబ్‌టైటిల్ చదువుతూ నేనే తెలుగులో చెప్పుకుంటూ పోయాను. క్రికెట్ కామెంటరీ లాగా.

అలా చెప్తుంటే ఒకటి అర్థమైంది, ఇది మీకూ పనికొస్తుంది. ఫ్రెంచ్‌లో మనలాగే మీరు వేరు, నువ్వు వేరు. "వూ" అంటే మీరు, "తు" అంటే నువ్వు. ఇంగ్లిష్‌లో రెండింటికీ యూ ఒక్కటే, సబ్‌టైటిల్‌లో ఆ తేడా మొత్తం మాయం. కానీ మన చెవికి దొరుకుతుంది. థియెరీని ఆఫీసుల్లో అందరూ "వూ" అనే అంటారు. మర్యాద ఎక్కడా తగ్గదు. మర్యాదగానే లేదంటారు, మర్యాదగానే పొమ్మంటారు. నేను "మీరు" అని చెప్తుంటే నాన్నకి వెంటనే ఎక్కింది. "బ్యాంకోళ్ళు మాట్లాడినట్టే మాట్లాడుతున్రు" అన్నాడు.

ఇంతలో స్కైప్ ఇంటర్వ్యూ సీన్ వచ్చింది. థియెరీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అవతలి మనిషి మనకి కనపడడు, గొంతు ఒక్కటే. తక్కువ జీతానికి ఒప్పుకుంటారా, ఇంతకన్నా చిన్న పోస్టుకి సరేనా అని అడుగుతాడు. థియెరీ సరే, సరే అంటాడు. సీవీ సరిగ్గా రాయలేదంటాడు అవతలాయన. చివర్లో, ఈ ఉద్యోగం మీకు వచ్చే అవకాశం చాలా తక్కువ అని కూడా చెప్పేస్తాడు. ఆ మాట తెలుగులో చెప్పబోయాను. నోరు రాలేదు. రెండు లైన్లు అలాగే పోయాయి స్క్రీన్ మీద.

నాన్న నావైపు చూడలేదు. ఫోన్ వైపే చూస్తూ, "నీది ఎన్నో నెల?" అన్నాడు.

"నాలుగు" అన్నాను.

కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రెండు మాటలు వదిలేసినవ్. ఏమన్నడు వాడు?" అన్నాడు. చెప్పాను. "సరే, నడిపియ్" అన్నాడు.

మొత్తం చూశాం. సూపర్ మార్కెట్‌లో సెక్యూరిటీ ఉద్యోగం వచ్చాక థియెరీకి ఏమవుతుందో నేను చెప్పను. సీసీ కెమెరాల ముందు కూర్చుని కస్టమర్లనే కాదు, తోటి క్యాషియర్లని కూడా కనిపెట్టాలి, అంతవరకు చెప్తా. నాన్నకి బాగా నచ్చింది వేరే సీన్. డబ్బుల్లేక థియెరీ తన మొబైల్ హోమ్ అమ్మకానికి పెడతాడు. కొనేవాళ్ళు ఫోన్‌లో ఒక రేటుకి ఒప్పుకుని, తీరా వచ్చాక తగ్గించమంటారు. అక్కడ నాన్న లేచి కూర్చున్నాడు. "గిదే! ఫోన్‌ల ఒక రేటు, గేటు కాడికి వచ్చినంక తేమ ఉంది, తాలు ఉంది అని ఇంకో రేటు. ఇరవై రెండేండ్లు చూసిన నేను." థియెరీ తగ్గించకపోతే, "మంచిగ చేసిండు" అన్నాడు. జేబులో పైసల్లేనోడు బేరం దగ్గర ఎందుకు మొండికేశాడో నాకు రివ్యూలు చదివితే అర్థం కాలేదు. గేటు దగ్గర ధాన్యం కాంటా చూసిన మనిషికి ఒక్క నిమిషంలో అర్థమైంది.

అందుకే చెప్తున్నా, ఒక్కళ్ళే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడకండి. సినిమా ఏమీ విడమర్చి చెప్పదు కాబట్టి, ఆ ఖాళీలో మాట్లాడటానికి పక్కన ఒక మనిషి కావాలి. థియేటర్లో మాట్లాడితే తిడతారు. ఇంట్లో పాజ్ బటన్ ఉంది. అమ్మనో, తాతనో కూర్చోబెట్టి మన యాసలో చెప్పుకుంటూ పోండి. గంటన్నర సినిమా రెండున్నర గంటలవుతుంది, కానివ్వండి.

టీచర్లున్న ఇల్లయితే ఆంత్ర్ లె ముర్, ఇంగ్లిష్‌లో ది క్లాస్. 2008లో కాన్‌లో పామ్ దోర్ వచ్చింది. పారిస్‌లో ఒక స్కూలు, ఒక క్లాసు. టీచర్‌గా వేసిన ఫ్రాన్సువా బెగోదో నిజంగా టీచర్‌గా పనిచేసినవాడే, సినిమాకి ఆధారం ఆయన రాసిన పుస్తకమే. పిల్లలు కూడా నిజం స్టూడెంట్లు. ఇందాక చెప్పిన వూ, తు ఇక్కడ పెద్ద గొడవ అవుతుంది. సులేమాన్ అనే కుర్రాడు కోపంలో సార్‌ని "తు" అనేస్తాడు. ఇంగ్లిష్‌లో చదివితే ఏముంది ఇందులో అనిపిస్తుంది. అదే "సార్, నువ్వు" అని తెలుగులో చెప్పి చూడండి మీ ఇంట్లో టీచర్‌కి. ముఖం మారిపోతుంది.

టైం లేనోళ్ళకి పెతీత్ మమాఁ, 2021, సెలిన్ సియామా తీసింది. 72 నిమిషాలే. అమ్మమ్మ చనిపోయాక ఎనిమిదేళ్ళ పిల్లకి అడవిలో తన వయసులోనే ఉన్న అమ్మ కనపడుతుంది. ఇంతకన్నా చెప్తే పాడవుతుంది. యాక్షన్ లేకపోతే కూర్చోలేం అనేవాళ్ళకి అథీనా, 2022, నెట్‌ఫ్లిక్స్ సొంత సినిమా కాబట్టి అక్కడే ఉంటుంది. మొదటి పదకొండు నిమిషాలు ఒకే షాట్ లాగా పోతుంది. నిజం చెప్పాలంటే తర్వాత నాకు అంత ఎక్కలేదు. ఆమూర్ చాలామంది చెప్తారు, గొప్ప సినిమానే, కానీ ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్ళు ఉంటే ఇప్పుడే పెట్టకండి. తర్వాత ఎప్పుడైనా.

మా జూనియర్‌కి ఇన్‌టచబుల్స్ పేరు రాసిచ్చాను. వాళ్ళ బాబాయ్‌కి ఊపిరి ఇష్టమట, ఇద్దరూ కలిసి చూస్తామన్నాడు.

నాన్న మొన్న ఫోన్ చేశాడు. "ఆ సెక్యూరిటీ ఆయనది సెకండ్ పార్ట్ ఏమన్న వచ్చిందా?" అని. సీక్వెల్ కాదు గానీ, అదే డైరెక్టర్, అదే లాండోన్ ఇంకో రెండు తీశారు. 2018లో వచ్చిన ఆన్ గేర్‌లో ఫ్యాక్టరీ మూసేస్తుంటే 1100 మంది తరఫున కొట్లాడే యూనియన్ లీడర్. 2021లో వచ్చిన అన్ ఓత్ర్ మోంద్‌లో అటువైపు మనిషి, పైవాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం ఎవరెవర్ని తీసేయాలో తేల్చాల్సిన మేనేజర్. రెండూ చెప్పాను నాన్నకి.

"తీసేసేటోనిది పెట్టు ముందు" అన్నాడు. "వాని బాధ ఏందో చూద్దాం."

ఈ శనివారం వెళ్తున్నా.